ఇరవై మూడు పందొమ్మిది

మా అన్న కుడి చెయ్యి ఇప్పటికీ పూర్తిగా సాగదు. అన్నం కలుపుకోవడానికి పనికొస్తుంది, చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి పనికొస్తుంది. స్టీరింగు ఒక చుట్టు తిప్పాలంటే మాత్రం భుజం మొత్తం లేపాలి. ఆ చేతిని అలా చేసిన మనిషి మా వీధిలోనే ఉంటాడు. అతన్ని నేనేం చేశానో రాస్తున్నాను. చేసినందుకు బాధపడి మాత్రం రాయడం లేదు.

మాది జగ్గయ్యపేట. నాన్న లారీ డ్రైవరు. ఆ మనిషి అప్పట్లో బస్టాండు దగ్గర పంక్చర్లు వేసేవాడు. నాన్న ఊళ్లో ఉన్న రోజున ఇద్దరూ కలిసే టీ తాగేవాళ్లు. అన్నా నేనూ ఆయన్ని మామా అని పిలిచేవాళ్లం. చుట్టరికమేమీ లేదు, పిలుపే. తర్వాత ఆయన పైకొచ్చాడు. పంక్చర్ల కొట్టు టైర్ల షాపు అయింది, ఒక కంపెనీ డీలర్‌షిప్ వచ్చింది, ముందు పెద్ద బోర్డు, లోపల ఏసీ గది వెలిశాయి. నాన్న పోయాక కూడా మామ మామే. అన్న సొంతంగా కారు కొనుక్కుని కిరాయికి తిప్పడం మొదలుపెట్టాక టైర్లు ఇంకెక్కడా కొన్నది లేదు. కార్ల స్టాండు కూడా ఆ షాపుకి ఎదురుగానే ఉంది. అన్న బండి అక్కడే పెట్టేవాడు.

నేను నందిగామలో, కోర్టు దగ్గర, ఒక టాక్స్ కన్సల్టెంటు ఆఫీసులో పనిచేస్తాను. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు. నా పనంతా తేదీలతోనే. వ్యాపారస్తులు సంచుల్లో కుక్కి తెచ్చే బిల్లుల మీద తేదీ చూసి, ఏది ఏ క్వార్టర్లోకి వెళ్తుందో, ఏ ఆర్థిక సంవత్సరంలోకి వెళ్తుందో విడదీయాలి. లోకానికి జనవరి అంటే సంవత్సరం మొదలు. మా ఆఫీసుకి అది నాలుగో క్వార్టరు, సంవత్సరానికి చివర. మార్చి ముప్ఫై ఒకటిన రాసిన బిల్లు, ఆ మర్నాడు రాసిన బిల్లు ఒకే సంచిలో అంటుకుపోయి ఉన్నా అవి రెండు వేర్వేరు సంవత్సరాలవి. చేరిన కొత్తలో తికమకపడేదాన్ని. ఇప్పుడు పెళ్లి శుభలేఖ చేతికిచ్చినా ముందు అది ఏ క్వార్టరో తోస్తుంది, ఆ తర్వాతే పెళ్లికూతురెవరో చూస్తాను.

రెండు వేల ఇరవై మూడులో రంజాన్ పండగ ఏప్రిల్‌లో వచ్చింది. పండక్కి ముందు అన్న కారుకి నాలుగు టైర్లూ కొత్తవి వేయించాడు. బిల్లు అడిగితే మామ నవ్వి, "మన మధ్య బిల్లేంట్రా" అన్నాడట. పండగ రోజు నమాజు అయ్యాక అన్న కారు కడిగి వాకిట్లో పెట్టాడు. పిల్లల్ని దాని ముందు నిలబెట్టి నేనే నా ఫోన్లో ఫొటో తీశాను. టైర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. పాత రబ్బరుకి పాలిష్ పూసినా అలాగే మెరుస్తుందని అప్పటికి నాకు తెలియదు.

మరుసటి సంవత్సరం మే నెలలో, మిట్టమధ్యాహ్నం, అన్న విజయవాడలో కిరాయి దింపి ఖాళీగా తిరిగొస్తున్నాడు. చిల్లకల్లు రాబోతుండగా హైవే మీద ముందు కుడి టైరు పేలింది. కారు డివైడర్ ఎక్కి బోర్లా పడింది. వెనకొస్తున్న లారీ వాళ్లు అద్దం పగలగొట్టి అన్నని బయటికి లాగారు. నేను విజయవాడ ఆసుపత్రికి చేరేసరికి అన్న స్పృహలోనే ఉన్నాడు. మోచెయ్యి నుజ్జయింది. ప్లేట్లు వేశారు. "బండిలో ఎవరూ లేరే, అదృష్టం" అని అన్నాడు నాతో. మా అన్న అలాంటివాడు.

వాడిని ఇంటికి తీసుకొచ్చేలోపే స్టాండులో మాట పుట్టింది. నిద్రపోయి గుద్దేశాడని. రాత్రంతా కిరాయి తిప్పి పగలు మళ్లీ బండి తీశాడని. ఆ మాట ఎక్కడ పుట్టిందా అని నేను అడుగుతూ పోతే ప్రతివాడూ రోడ్డుకి అవతలివైపు చూపించాడు. టైరు తన షాపుదని అందరికీ తెలుసు కాబట్టి, ఎవరూ అడక్కముందే మామ ఆ మాట వదిలాడు. కిరాయి బండికి నిద్రపోయే డ్రైవరన్న పేరు పడితే ఇంక వాడి ఫోను మోగదు. ఆసుపత్రికి తీసుకెళ్లమని పదేళ్లుగా అన్నకే ఫోన్ చేసే ఇళ్లవాళ్లు కూడా వేరే బండి చూసుకున్నారు. చెయ్యి విరిగిన నొప్పికి అన్న ఏడవలేదు. ఆ ఇళ్లల్లో ఒకటి స్టాండులో వేరే కుర్రాణ్ని మాట్లాడుకుందని తెలిసిన రోజు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

కారుని లాక్కెళ్లి చిల్లకల్లులో ఒక మెకానిక్ షెడ్డులో పడేశారు. అందులో ఉన్న కాగితాలూ సామానూ తెచ్చుకోవడానికి ఆఫీసు నుంచి వస్తూ దారిలో దిగాను. మెకానిక్ పెద్దాయన. పేలిన టైరుని కాలితో తిప్పి చూపించాడు.

"దీన్ని ఎవరు కట్టారమ్మా మీకు? ఇది తిరిగి అరిగిన టైరు కాదు. అమ్మకముందే ఎండ వేడికి మగ్గిపోయింది. ఇదిగో, ఈ పగుళ్లు చూడు."

రబ్బరు మీద ఎండిన చెరువులో నెర్రెల్లా సన్నగా పగుళ్లున్నాయి. టైరు లోపలి వైపున, చక్రం బిగిస్తే బయటికి కనపడని పక్కన, చిన్న గడిలో నాలుగంకెలున్నాయి. 2319.

"ఇది తయారీ. ముందు రెండూ వారం, వెనక రెండూ సంవత్సరం. పందొమ్మిదో సంవత్సరం, ఇరవై మూడో వారం. నంబరున్న పక్క లోపలికి పెట్టి బిగించాడు చూడు, తెలిసినోడే" అన్నాడు.

బస్సులో కూర్చుని ఫోన్లో పందొమ్మిదో సంవత్సరం కాలెండరు తీసి వారాలు లెక్కపెట్టాను. ఇరవై మూడో వారం జూన్ మొదట్లో వచ్చింది. అంటే పండగ రోజు మా వాకిట్లో నిగనిగలాడిన ఆ టైరు అప్పటికే నాలుగేళ్లకు దగ్గరపడింది. ఆ నాలుగేళ్లూ అది ఎక్కడుందో నాకు తెలుసు. షాపు డాబా మీద రేకుల కింద టైర్లు దొంతర్లుగా పడి ఉండటం మా వీధిలో అందరూ చూసిందే. మర్నాడు మా సారుని అడిగితే తక్కిన సంగతి ఆయన చెప్పారు. మార్చితో సంవత్సరం ముగిసేలోపు కంపెనీ టార్గెట్ కోసం డీలర్లు కొత్త సరుకు ఎత్తుతారు, అది పెట్టుకోవడానికి చోటు కావాలి, పాతది ఎలాగోలా వదిలించుకుంటారు. మార్చి పోయిన వెంటనే ఏప్రిల్‌లో, బిల్లు అడిగినా పట్టుబట్టని మా అన్న ఆయనకు దొరికాడు. సారు కేసు వేయమన్నారు. బిల్లు లేదని చెప్పాను. ఆయన పెదవి విరిచి తన పనిలో పడిపోయారు.

నేను షాపుకి వెళ్లాను. సాయంత్రం పూట, స్టాండులో డ్రైవర్లందరూ ఉన్న వేళ చూసుకునే వెళ్లాను. అందులో నలుగురైదుగురు నా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"మామా, అన్న కారు టైరు మీద ఇరవై మూడు పందొమ్మిది అని ఉందండి" అన్నాను.

"ఉంటే?"

"పందొమ్మిదో సంవత్సరంలో ఇరవై మూడో వారంలో తయారైందని అర్థమంట. మీరు కొత్తవని మాకు వేసింది ఇరవై మూడులో."

ఆయన తొణకలేదు. కుర్చీలో వెనక్కి వాలాడు. "తిరగేసి చదివావమ్మా. ముందు సంవత్సరం, తర్వాత వారం. ఇరవై మూడో సంవత్సరం, పందొమ్మిదో వారం. ఎవరు చెప్పారు నీకు, చిల్లకల్లు మెకానిక్కా? వాడికేం దెలుసు."

గుమ్మంలో ఎవరో నవ్వారు. నాకు ఒళ్లు మండింది. గోడకున్న కాలెండరు దగ్గరికి వెళ్లి, కాగితాలు తిరగేస్తూ, వేలితో వారాలు లెక్కపెట్టాను. పందొమ్మిదో వారం మే నెల రెండో వారంలో తేలింది. ఏడాది మారినా ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అవుతుందే తప్ప నెల మారదు. ఫోన్లో పండగ ఫొటో తీసి ఆయన ముందు పెట్టాను.

"ఇది ఏప్రిల్‌లో తీసిన ఫొటో మామా. కింద తేదీ కూడా ఉంది. మేలో తయారైన టైరు ఏప్రిల్‌లో మా వాకిట్లోకి ఎట్టా వచ్చిందండి?"

గుమ్మంలో నవ్వు ఆగింది. మామ ఫొటో వైపు కాసేపు చూశాడు. నేను గెలిచాననే అనుకున్నాను. అప్పుడు ఆయన తలెత్తి, నాకంటే గుమ్మంలో ఉన్నవాళ్లకి వినపడేట్టు మాట్లాడాడు.

"టాక్సుల ఆఫీసులో చేస్తావు, నీకే తెలియాలి. కంపెనీకి సంవత్సరం జనవరిలో మొదలవుద్దా? ఏప్రిల్‌లో గదా. ఇరవై రెండు ఏప్రిల్ నుంచి ఇరవై మూడు మార్చి దాకా ఉన్నదాన్ని మేం ఇరవై మూడనే అంటాం. మీ సారుని అడుగు, ఆయనా అట్టాగే అంటాడు. ఆ లెక్కన పందొమ్మిదో వారం ఎప్పుడొచ్చింది? ఆగస్టులో. ఆగస్టులో తయారైంది, ఏప్రిల్‌లో మీ అన్నకేసా. ఏముంది ఇందులో?"

మా సారు నిజంగానే అలా అంటారు. మార్చితో ముగిసిన సంవత్సరాన్ని ముగిసిన అంకెతోనే పిలుస్తారు. నేను రోజూ రాసే లెక్కనే తీసుకుని నా మొహాన కొట్టాడు. అబద్ధమని నాకు తెలుసు. కానీ అక్కడున్న డ్రైవర్లకి అది వ్యాపారం తెలిసిన మనిషి చెప్పిన మాటలా, నాది అన్న మీద ప్రేమతో ఓ ఆడపిల్ల పెట్టుకున్న గొడవలా కనపడింది. వాళ్ల మొహాల్లోనే తెలిసిపోయింది.

"నిద్రపోయి గుద్ది, టైరు మీద పడితే ఎట్టమ్మా" అన్నాడు మామ జాలిగా. "ఎండన పడి వచ్చావు. కూల్‌డ్రింకు తెప్పిస్తా, తాగి వెళ్లు."

ఆ కూల్‌డ్రింకు మాట నన్ను ఎంత కాల్చిందో చెప్పలేను. తర్వాత జరిగినదానికంతటికీ ఆ మాటే సగం కారణం.

ఆ రోజునుంచీ నా చూపు నేలమీదే. బస్సు ఎక్కబోతూ దాని టైరు చూసేదాన్ని. బస్టాండులో ఆగిన లారీల పక్కన వంగి చూసేదాన్ని. ఒకరోజు పొద్దున ఆఫీసు మెట్ల దగ్గర ఎవరో స్కూటీ పెట్టి వెళ్లారు. దాని వెనక టైరు మీద 4722 అని ఉంది. అలవాటుగా మామ లెక్కలో చదివాను. నలభై ఏడో సంవత్సరం, ఇరవై రెండో వారం. ఇంకోసారి చదివాను. నలభై ఏడో సంవత్సరం! సంవత్సరం జనవరిలో మొదలుపెట్టు, ఏప్రిల్‌లో మొదలుపెట్టు, నీ ఇష్టమొచ్చిన నెలలో మొదలుపెట్టు. ఆ సంవత్సరం ఇంకా రాలేదు. మా అన్న టైరు మీద ఇరవై మూడన్న అంకె ఉండబట్టి ఆయన దాన్ని తిరగేయగలిగాడు. వారం అంకె కాస్త పెద్దదై ఉంటే ఆ అబద్ధం అక్కడే చచ్చిపోయేది.

మెట్ల మీద నిలబడి పైకే నవ్వానట. పైనుంచి దిగుతున్న ప్లీడరు గుమాస్తా ఏమైందమ్మా అని అడిగాడు.

స్కూటీ టైరుతో పని జరగదు. వేరే కంపెనీదంటాడు. ఆయన షాపులో కొన్నవే కావాలి, అవి ఆయన మాట నమ్మినవాళ్ల బళ్లకే ఉండాలి. జూన్ నెలలో ఒక ఆదివారం పొద్దున్నే స్టాండుకి వెళ్లాను. అన్నకి చెప్పలేదు. చెబితే వద్దంటాడు. స్టాండులో అందరికంటే పెద్ద డ్రైవరు ఒకాయన ఉన్నాడు, వంతులు ఆయనే చూస్తాడు, ఆయన మాటకి విలువుంది. ఆయన దగ్గర నిలబడి, మామ షాపు షట్టరు తీసి టీకి ఇవతలికి వచ్చేదాకా ఆగాను. వచ్చాడు. నన్ను చూసి మొహం చిట్లించాడు.

"మామా, ఆ రోజు నేనే పొరపాటు పడ్డానేమోనండి" అన్నాను. "ఇంకోసారి చెప్పండి, ఈసారి గుర్తుపెట్టుకుంటా. ముందు సంవత్సరం, తర్వాత వారం. అంతేనా?"

"అంతే" అన్నాడు, గ్లాసు ఊదుకుంటూ.

"మీ షాపులో అన్ని టైర్లకీ అంతేనా?"

"కంపెనీ అంతా ఒకటే లెక్కమ్మా. అన్నిటికీ అంతే."

నేను పెద్ద డ్రైవరు వైపు తిరిగాను. "బాబాయ్, మీ బండికి టైర్లు ఈ మామ దగ్గరే గదా కొన్నారు? నాలుగంకెలు ఏమున్నాయో కొంచెం చదవండి."

ఆయన విసుక్కుంటూనే వంగాడు. "నలభై ఒకటి ఇరవై మూడు" అని చదివాడు.

"మామ లెక్కలో చెప్పండి."

"నలభై ఒకటో సంవత్సరం..." అని ఆగిపోయాడు. వంగినవాడు వంగినట్టే తల తిప్పి మామ వైపు చూశాడు. "రెండు వేల నలభై ఒకటా?"

పక్క బండివాడు అప్పటికే తన టైరు చూసుకుంటున్నాడు. "నాది ముప్ఫై నాలుగు! అబ్బో, ఇంకా పదేళ్లుంది ఇది పుట్టడానికి!" అని అరిచాడు. స్టాండంతా నవ్వు. మామ గ్లాసు పట్టుకునే నిలబడ్డాడు. ఏదో అనబోయాడు. కంపెనీ, బ్యాచ్ అనే మాటలు రెండు వినపడ్డాయి. ఎవరూ వినడం లేదు.

"ఇప్పుడు మెకానిక్ చెప్పినట్టు చదవండి" అన్నాను. "ముందు వారం, తర్వాత సంవత్సరం. బయటికి నంబరు లేకపోతే లోపలి పక్క చూడండి."

తెల్లచొక్కాల డ్రైవర్లు ఒక్కొక్కరే బళ్ల కింద దూరారు. ఫోన్ల లైట్లు వేసుకుని, వెల్లకిలా పడుకుని చూశారు. నవ్వులు తగ్గాయి. కొత్త టైర్లకి నంబరు బయటికే ఉంది. లోపలికి తిప్పి బిగించిన ప్రతి టైరూ పాతదే. ఒకడిది ఇరవైలో తయారైంది. మూడు బళ్లకి అచ్చం మా అన్న టైరు మీదున్న నంబరే ఉంది, 2319. అందులో ఒకాయన తన మనవరాలిని రోజూ అదే బండిలో బడికి దింపుతాడు. ఆయన బండి కింద నుంచి లేచి, చొక్కా కూడా దులుపుకోకుండా మామ చేతిలో టీ గ్లాసు లాగి నేలకేసి కొట్టాడు.

"వాడు నిద్రపోయాడన్నావు గదరా" అన్నాడు పెద్ద డ్రైవరు. అంతకుముందు ఆయన మామని అండీ అని తప్ప పిలవగా నేను వినలేదు.

ఆ పూట నా కడుపు నిండిపోయిందని రాస్తే అది తక్కువే. ఇంటికి నడిచొస్తుంటే కాళ్లు నేల మీద ఆనలేదు.

పాత టైర్లన్నిటినీ ఆ వారంలోనే మామ మార్చి ఇచ్చుకున్నాడు. పెద్ద డ్రైవరుతో మాకూ కబురు పంపాడు. అన్న కారు బాగయ్యాక నాలుగు కొత్త టైర్లు తనే వేయిస్తాడట, గొడవ ఇంతటితో వదిలేయమన్నాడు. అన్న ఊఁ అనబోయాడు. నేను అడ్డం పడ్డాను.

"టైర్లు వద్దు బాబాయ్. స్టాండులో నిలబడి, మా అన్న నిద్రపోలేదని ఆయన నోటితో చెప్పమనండి. అది చాలు."

మామ ఒప్పుకోలేదు. టైర్లు ఇస్తాడు గానీ ఆ మాట మాత్రం చెప్పడట. చెబితే తన తప్పు తను ఒప్పుకున్నట్టే గదా. సరే అనుకున్నాను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం స్టాండు పక్కన టీ బంకు బల్ల మీద కూర్చున్నాను. ఎవరు బండి ఆపినా టైరు నంబరు చదవడం నేర్పించాను. సగం మందికి వారం అంకె చూసి నెల చెప్పడం రాదు. పదమూడు వారాలకి ఒక క్వార్టరు అని చెప్పేదాన్ని. పదమూడు లోపైతే మార్చి లోపు, ఇరవై ఆరు లోపైతే జూన్ లోపు. కంపెనీ సంవత్సరం కాదు, మన గోడ మీద కాలెండరు సంవత్సరమే. చాలామంది అక్కడే వేళ్లు మడిచి నేర్చుకున్నారు. మాట పాకింది. వత్సవాయి నుంచి ట్రాక్టర్ల వాళ్లు వచ్చారు. లారీల వాళ్లు హైవే మీద ఆపి ఫొటోలు తీసి నాకు పంపేవాళ్లు. ఎదురుగా మామ ఏసీ గది అద్దం లోంచి అంతా చూస్తూ ఉండేవాడు. నేను ఆయనకి కనపడేట్టే కూర్చునేదాన్ని.

ఆయన షాపులోకి వెళ్లినవాళ్లు ముందు మోకాళ్ల మీద కూర్చుని నంబరు చూసేవాళ్లు. తర్వాత వెళ్లడమే మానేశారు. అప్పటికి ఆయన అమ్ముతున్నవన్నీ కొత్తవే. ఆ సంగతి నాకు తెలుసు, ఎవరన్నా అడిగితే కొత్తవేనని చెప్పేదాన్ని కూడా. అబద్ధం ఒక్కటి ఆడలేదు. కానీ నన్ను అడిగేదాకా ఎవరూ ఆగడం లేదు. మా అన్న పేరు మీద పడిన మాట కూడా ఇలాగే గదా, ఎవరూ అడక్కుండానే పాకింది.

జూన్ ఆఖరుకి మొదటి క్వార్టరు ముగిసింది. ఆఫీసులో రిటర్నుల పని నెత్తి మీదుంది, అయినా నా మనసు ఆయన టార్గెట్ మీదే. సెప్టెంబరుతో రెండోది ముగుస్తుంది. రెండు క్వార్టర్లు వరసగా తప్పితే కంపెనీ ఊరుకోదని మా దగ్గరికొచ్చే ఒక డీలరు చెప్పాడు. కాలెండరులో వారాలు కొట్టేసుకుంటూ వచ్చాను. పండక్కి ఎదురుచూసినట్టు సెప్టెంబరు ఆఖరుకి ఎదురుచూశాను.

మా అమ్మ ఒకటి రెండుసార్లు అంది. "మీ నాన్నతో కలిసి తిరిగిన మనిషే. ఇంక చాల్లే." నేను కాలెండరులో ఇంకో వారం కొట్టేశాను. అన్న మాత్రం సూటిగానే అడిగాడు. "నా చెయ్యి వచ్చుద్దా దీనివల్ల?"

"నీ పేరు వచ్చుద్ది" అన్నాను.

సెప్టెంబరు సగంలో మామ మా ఇంటికొచ్చాడు. మనిషి దిగిపోయాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, కుర్చీ చూపించినా కూర్చోలేదు. అన్నతో మాట్లాడదామని వచ్చాడు గానీ నన్ను చూసే మాట్లాడాడు.

"చెప్తానమ్మా. స్టాండులోనే చెప్తా. నువ్వు ఆదివారం ఆడ కూర్చోవడం మానెయ్యి."

"ముందు చెప్పండి మామా, మానేస్తా" అన్నాను.

ఆ ఆదివారం స్టాండులో అందరూ ఉన్నారు. అన్న రానన్నాడు, నేను బలవంతాన తీసుకొచ్చాను. మామ రోడ్డు దాటి వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా, "ఆ అబ్బాయిది తప్పులేదు" అన్నాడు.

"వినపళ్లేదు మామా" అన్నాను.

"తప్పులేదన్నా. వాడు నిద్రపోలేదు."

"మరి తప్పు దేనిది?"

"టైరుది."

"టైరు ఎవరిదండి?"

ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. అన్న ఎడంచేత్తో నా భుజం పట్టుకుని వెనక్కి లాగాడు. నేను కదల్లేదు.

"నాది" అన్నాడు. "పాతదని తెలిసే వేసా."

ఇంక అడగడానికేమీ మిగల్లేదు. మామ రోడ్డు దాటుతుంటే ఒక బస్సు హారన్ కొట్టింది, అయినా ఆయన ఆగకుండా అలాగే వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చాక అన్న పళ్లెం ముందు కూర్చున్నాడు. రెండు ముద్దలు తిని, "ఆఖరి రెండు ప్రశ్నలూ అడక్కుండా ఉండాల్సింది" అన్నాడు. "నేను నిద్రపోలేదని చెప్పాడు. నాకది చాలు. మిగతాది నీకోసం అడిగావు."

అవును, నాకోసమే అడిగాను. అలాగే చెప్పాను. వాడు పళ్లెం పక్కకి నెట్టి లేచిపోయాడు. ఆ తర్వాత చాన్నాళ్లు మా ఇద్దరి మధ్యా అవసరానికి మించి మాటల్లేవు.

ఆదివారాలు స్టాండుకి వెళ్లడం మానేశాను, మాట ఇచ్చాను కాబట్టి. కానీ అప్పటికే ఆలస్యమైంది. అది నాకూ తెలుసు, బహుశా అందుకే మాట ఇచ్చాను. సెప్టెంబరు ముగిసింది. దసరా వెళ్లాక కంపెనీవాళ్లు వచ్చి బోర్డు దించుకుపోయారు. ఏసీ గది ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్ల కొట్టుంది. మామ వెనకవైపు రేకుల షెడ్డులో పాత పనే చేస్తున్నాడని, మోటారు సైకిళ్లకి పంక్చర్లు వేస్తున్నాడని విన్నాను.

అన్నకి పాత ఇళ్లు కొన్ని మళ్లీ ఫోన్ చేశాయి. కారు బాగుచేయించాం. దూరాలు వెళ్లలేడు. నందిగామ దాకా, మహా అయితే విజయవాడ దాకా వెళ్లి వస్తాడు. హైవే మీద కుడిచెయ్యి ఊరికే ఒళ్లో పెట్టుకుని, ఎడంచేత్తోనే చాలాభాగం నడుపుతాడు. స్టాండులో ఎవరైనా ఆ సంగతి ఎత్తితే మాట మార్చేస్తాడట.

మొన్నీమధ్య పొద్దున బస్సులో వెళ్తున్నాను. కిటికీ పక్క సీటు దొరికింది. ఊరి చివరి స్టాపులో జనం ఎక్కారు, వాళ్లతోపాటు మామ ఎక్కాడు. చేతిలో మందుల చీటీ, ఆసుపత్రి సంచి ఉన్నాయి. నందిగామ డాక్టరు దగ్గరికి కాబోలు. సీట్లు లేవు. జనం తోసుకుంటూ వచ్చి ఆయన్ని సరిగ్గా నా సీటు పక్కనే నిలబెట్టారు. పైనున్న రాడ్డు అందుకున్నాడు. ఆ తర్వాత నన్ను చూశాడు.

"బాగున్నావామ్మా?"

"బాగున్నా మామా."

"అన్న ఎట్టా ఉన్నాడు?"

"నడుపుతున్నాడండి."

ఆయన తలూపాడు. బస్సు హైవే ఎక్కింది. ముసలాయన, నిలబడటానికి అవస్థ పడుతున్నాడు, మలుపుల దగ్గర ఆయన సంచి నా భుజానికి తగులుతోంది. నా ముందు సీట్లో పిల్ల ఒకతి కాలేజీకి పోతోంది. అది వెనక్కి తిరిగి ఆయన్ని చూసి, నన్ను చూసి, నేను లేస్తానేమోనని కాసేపు చూసింది. తర్వాత తనే లేచి ఆయనకి చోటిచ్చింది.

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. నందిగామ వచ్చేదాకా అలాగే కూర్చున్నాను.